‘మనము’ అనెడి పాఠము: సోలాపురపు నేతపేటల తెలుగు విద్యార్థులు, ఆంగ్లసాహిత్యమున స్వకీయభావ పరిశీలనము

విషయోపక్రమము

తెలుగువారిద్దరు పరదేశమున కలిసికొన్నచో మొదట పుట్టు ప్రశ్న “మీదే ఊరు?” అనునది. సోలాపురపు నేతపేటలలో ఈ ప్రశ్నకు ఒకే యింట రెండు సమాధానములు వినవచ్చును. తాత తెలంగాణములోని యొక పల్లె పేరు చెప్పును. మనుమడు సోలాపురమే మా ఊరనును. ఇద్దరును సత్యమే పలుకుచున్నారు. ఈ రెండు సమాధానముల నడుమ నున్న దూరమే ప్రస్తుత వ్యాసమునకు విషయము.

ఆంగ్లమున ‘బిలాంగింగ్’ అని యొక మాట కలదు. ఒక మనుష్యుడు ఒక యింటికో, ఊరికో, జనమునకో, భాషకో చెందినవాడనని తనలో దలంచుకొనుటయు, వారును అతనిని తమవానిగా నంగీకరించుటయు ఆ మాటలో నిమిడియున్నవి. దీనిని ఇచట స్వకీయభావమని వ్యవహరింతము. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమున 2009 మొదలు 2014 వరకు ఉన్నత పాఠశాల తుది పరీక్షలో, ఆంగ్లమున విద్యార్థులందరును చదువవలసిన ప్రధానవిషయము ఇదియే. విద్యార్థి నిర్ణయింపబడిన గ్రంథము నొకదానిని చదువవలెను. దానికి తోడుగా తానే యేరుకొన్న యితర రచనలను జతపరచి, మనుష్యుడు ఎచట ఏల చెందునో, ఎచట ఏల చెందజాలడో తర్కించి వ్యాసము వ్రాయవలెను.

మహారాష్ట్రమున ఈ విషయమునకు అట్టి ప్రత్యేకనామము లేదు. కాని 2020లో వెలువడిన పండ్రెండవ తరగతి ‘యువకభారతి’ ఆంగ్లవాచకమును తెరచి చూచినచో, అందలి పాఠములలో పెక్కింట ఇదే ప్రశ్న దాగియున్నట్లు తెలియగలదు. సోలాపురపు తెలుగు విద్యార్థి ఈ ప్రశ్నను పరాయివాకిట నిలిచి చదువ నక్కరలేదు. అతని యింటిమాటలోను, అతని పేటచరిత్రలోను దానికి కావలసిన పనిముట్లు సిద్ధముగా నున్నవి. వానిని చేపట్టుటయే తరువాయి. ఈ వ్యాసము చెప్పదలచినది ఇంతియే.

పదవిచారము

‘బిలాంగింగ్’ అను మాటకు సరియగు తెలుగుమాట యేది? ‘చెందుట’ అన్నచో ఆస్తిపత్రముల వాసన వచ్చును. ‘ఆత్మీయత’ అన్నచో స్నేహము మాత్రమే స్ఫురించును. ‘మమకారము’ అన్నచో వేదాంతులు దానిని విడువవలసినదిగా జెప్పుదురు. ఒక్క నామవాచకమున దొరకని యీ యర్థమును తెలుగు తన సర్వనామములలో దాచుకొన్నది.

‘మనము’ అనునపుడు వినువాడును అందు చేరియున్నాడు. ‘మేము’ అనునపుడు వినువాడు వెలుపల నున్నాడు. ‘మన పేట’ అన్నచో ఎదుటివానిని లోనికి బిలిచినట్లు. ‘మా పేట’ అన్నచో గడపయొద్ద నిలిపినట్లు. “మన యిల్లే అనుకొనుడు” అని అతిథితో నందుము. ఆ మర్యాదయంతయు ‘మన’ అను రెండక్షరములలో నున్నది. ఆంగ్లమునకు ఈ భేదము లేదు. ‘వుయ్’ అను ఒక్క మాటయే రెండు పనులను జేయును.

సోలాపురపు విద్యార్థికి ఇంకొక సౌకర్యము కలదు. అతడు బడిలో నేర్చిన మరాఠీభాషయందును ‘ఆపణ్’, ‘ఆమ్హీ’ అని యిదే భేదము కలదు. కావున ఇంటిభాషయు, ఊరిభాషయు అతనికి ఒకే సూక్ష్మదృష్టి నిచ్చుచున్నవి. ఆంగ్లరచనలో ‘వుయ్’ అను మాట తగులునప్పుడెల్ల అతడు ఒక్క ప్రశ్న వేసికొనవలెను: ఇచట నున్నది ‘మనము’నా, ‘మేము’నా? వెలుపల నిలిచినవా రెవరు? ఈ ఒక్క ప్రశ్నతో పాఠమున సగము విచ్చుకొనును.

నేతపేటల పూర్వకథ

సోలాపురము దక్కనుభూమిలో నున్న వ్యాపారస్థలము. 1860లో బొంబాయినుండి రైలుమార్గము అచ్చటికి వచ్చినది. 1877లో సోలాపురము స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీవారి మిల్లు నడువసాగినది. జనులు దానిని ‘జూనీ మిల్లు’ అని పిలిచిరి. పందొమ్మిదవ శతాబ్దమున నిజాము రాజ్యములోని తెలుగుజిల్లాలనుండి పద్మశాలీ కుటుంబములు మగ్గము నమ్ముకొని యిచటికి వలసవచ్చినవి. 1876 మొదలు 1878 వరకు వచ్చిన మహాక్షామమును, ఆ శతాబ్దాంతమున వచ్చిన క్షామములును దక్కనుజనులను ఊళ్లు విడుచునట్లు చేసినవి. సాఖర్ పేట, దాజీ పేట, భద్రావతి పేట మొదలగు వాడలలో మగ్గముల చప్పుడును తెలుగుమాటయు కలిసి నిలిచినవి. తరువాత చేమగ్గములకు మారుగా మరమగ్గముల కార్ఖానాలు వచ్చెను. స్త్రీలు ఇండ్లలో బీడీలు చుట్టి సంసారములను నిలిపిరి.

ఈ కుటుంబములు విడిచివచ్చిన ఊళ్లు కదలలేదు. కాని ఆ ఊళ్లు చెందిన రాజ్యములపేర్లు మారుచు వచ్చినవి. నిజాము రాజ్యములోని పల్లె 1948 తరువాత హైదరాబాదు రాష్ట్రములోనిదయ్యెను. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశములోనిదయ్యెను. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రములోనిదయ్యెను. ఈలోగా సోలాపురమును బొంబాయి రాష్ట్రమునుండి 1960 మే 1న మహారాష్ట్రమునకు మారెను. వలసవచ్చినవాడు ఒక్కసారియే కదలినాడు. అతని చుట్టునున్న దేశపటము మాత్రము పలుమారులు కదలినది. ఇట్టివానికి ‘నేను ఎచటివాడను?’ అను ప్రశ్న పుస్తకములలోని ప్రశ్న కాదు.

పేరునందును ఈ మార్పు కానవచ్చును. తెలుగువారికి ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. మహారాష్ట్రమున సొంతపేరు ముందు, తండ్రిపేరు నడుమ, ఇంటిపేరు చివర. సోలాపురపు తెలుగువాడు బడిపుస్తకమున కెక్కునప్పుడు అతని యింటిపేరు తలనుండి తోకకు జరుగును. అక్షరములు మారలేదు, స్థానము మారినది. పరసీమలో స్థిరపడుట యనగా నేమో దీనికంటె స్పష్టముగా జెప్పు ఉదాహరణము అరుదు.

ఊరును వీరిని తనవారిగా జేర్చుకొన్నది. 1980 మొదలు 1996 వరకు జరిగిన లోక్‌సభ సాధారణ ఎన్నికలలో గంగాధర కూచన్, ధర్మణ్ణ సాదుల్, లింగరాజ వల్యాల్ గార్లు సోలాపురమునకు ప్రతినిధులైరి. మువ్వురును తెలుగు పద్మశాలీ సమాజమువారే. శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయ రథోత్సవము ఊరివీథులలో సాగును. ఇంటియందు బతుకమ్మ, వీథియందు గణేశోత్సవము.

ఊరిచరిత్రలో ఇంకొక ఘట్టమును విద్యార్థి మరువరాదు. 1930 మే నెలలో సోలాపురపు ప్రజలు బ్రిటిషు ప్రభుత్వము నెదిరించినందున అచట సైనికశాసనము విధింపబడెను. 1931 జనవరి 12న మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకృష్ణ సారడా, జగన్నాథ శిందే అను నలువురు ఉరితీయబడిరి. ఆ నాలుగు పేర్లు నాలుగు వేరువేరు సమాజములను దెలుపుచున్నవి. ‘మేము’లు నాలుగు కలిసి ‘మనము’ ఎట్లగునో ఆ ఊరు అట్లు నేర్చుకొన్నది.

వాచకమున నేతగాడు

ఇక వాచకమునకు వత్తము. ‘యువకభారతి’లో సరోజినీ నాయుడుగారి ‘ఇండియన్ వీవర్స్’ అను పద్యము కలదు. 1905లో వెలువడిన ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ సంపుటములోని దిది. సరోజినీదేవి 1879లో హైదరాబాదున వంగకుటుంబమున జన్మించి, 1898లో తెలుగువారగు గోవిందరాజులు నాయుడుగారిని వివాహమాడి, ఆంగ్లమున గవిత్వము చెప్పిరి. ‘మీదే ఊరు?’ అను ప్రశ్నకు ఒక్కమాటలో బదులు చెప్పజాలని వారిలో ఆమెయు నొకరు.

ఈ పద్యమున ఎవరో నేతగాండ్రను బ్రశ్నింతురు. ప్రాతఃకాలమున ఏమి నేయుచున్నారు? పుట్టిన బిడ్డకు వస్త్రము. సాయంకాలమున? రాణి పెండ్లిమేలిముసుగు. వెన్నెలరాత్రి? మృతుని కప్పుగుడ్డ. మూడు వేళలు మూడు అవస్థలకు సంకేతములు. మార్కులకొరకు ఇంతవరకు చెప్పిన జాలును. కాని నేతపేట విద్యార్థి ఇంకొక యడుగు ముందునకు వేయగలడు.

నేతగాండ్రు బదులు చెప్పునపుడు వాడిన ‘వుయ్’ తెలుగున ‘మేము’ కావలెనా, ‘మనము’ కావలెనా? ‘మేము’ అనియే చెప్పవలెను. ప్రశ్నించినవాడు మగ్గముచెంత కూర్చుండలేదు, వెలుపల నిలిచియున్నాడు. రాణి ముసుగును నేసినవాడు రాణి పెండ్లిపందిటిలో నుండడు. లోకములోని ప్రతి శుభాశుభమునకు గుడ్డ నిచ్చినవాడు ఆ శుభాశుభములకు చెందినవాడా? పద్యమున కూలి మాట లేదు, నూలు ధర మాట లేదు, కార్ఖానాలోని చెవులు హోరెత్తించు చప్పుడును లేదు. ఇది కవయిత్రి లోపమని కాదు. ఆమె దృష్టి మనుష్యజీవితపు మూడు ఘట్టములపైన నున్నది. ఆమె విడిచిన దానిని చెప్పగలవాడు తన తండ్రి పనిని జూచిన విద్యార్థియే. ఆ పద్యము ఆస్ట్రేలియాలోనో, పూనాలోనో చదువువానికి లేని యధికారము ఇచట వానికి గలదు.

దీనిని మరల చద్దరుతో బోల్చి చూడవచ్చును. ‘సోలాపురీ చద్దరు’నకు చట్టప్రకారము భౌగోళిక సూచికగా గుర్తింపు లభించినది. అనగా ఆ పేరు ఆ ఊరికే చెందును. ఇతరులు దానిని వాడరాదు. బట్ట ఊరికి చెందినది. ఆ బట్ట నేసిన చేతులు ఊరికి ఏమేరకు చెందినవి? ఈ ప్రశ్నను ఆధారముగా గైకొని విద్యార్థి ఒక మంచి వ్యాసము వ్రాయగలడు.

కొత్త గౌను, ఇంటికి వచ్చు తండ్రి

అదే వాచకమున వర్జీనియా వుల్ఫ్ 1927లో ప్రకటించిన ‘ది న్యూ డ్రెస్’ అను కథ కలదు. మేబెల్ అను స్త్రీ సంపన్నుల విందునకు పోవును. వారివలె కొత్త ఫ్యాషను గౌను కుట్టించుకొనుటకు తగిన ధనము లేక, పాతపద్ధతిలో పసుపుపచ్చ పట్టుగౌను కుట్టించుకొన్నది. విందున నడుగిడగానే అందరును తన్ను జూచి లోలోపల నవ్వుచున్నారని ఆమె కుమిలిపోవును. తాను పాలపళ్లెరమునుండి వెలికి బ్రాకజూచు ఈగవలె నున్నానని తలంచుకొనును.

ఉపాధ్యాయులు సాధారణముగా ఈ విందును మాత్రమే వివరింతురు. నేతపేటలో చదువునప్పుడు గౌను కుట్టిన మిస్ మిలన్ చిన్నగదిని గూర్చి యాగి యోచింపవలెను. ఆ గది ఇరుకైనది, ఉక్కతో నిండినది, వంటవాసన గలది. అయినను అచటనే మేబెల్ అద్దమున దన్ను జూచుకొని ఆనందించినది. అచటనే కుట్టు మనుష్యునియందు ఆమెకు ప్రేమ కలిగినది. బట్ట తయారగుచోట ఆమె చెందినది. బట్టను ప్రదర్శించుచోట చెందలేదు. కార్ఖానానుండి కళాశాలకు వచ్చు విద్యార్థికి ఈ భేదమును ఎవరును బోధింప నక్కరలేదు.

దిలీప్ చిత్రే 1980లో ప్రకటించిన సంపుటములోని ‘ఫాదర్ రిటర్నింగ్ హోమ్’ అను పద్యమున, బొంబాయి లోకల్ రైలులో రాత్రివేళ తండ్రి యింటికి వచ్చును. తడిసిన దుస్తులు, పుస్తకముల సంచి, చప్పని తేనీరు, నిలువయున్న చపాతీ. బిడ్డలు తమ నవ్వులను, రహస్యములను అతనితో పంచుకొనుట మానివేసినారు. అతడు నిద్రలో పూర్వులను, మనుమలను తలంచుకొనును. సన్నని కనుమగుండ ఈ దేశమున బ్రవేశించిన సంచారజనులను తలంచుకొనును. సొంత యింటిలోనే పరాయివాడగుట యనగా నిది. ఈ పద్యమున మాటలాడువాడు కుమారుడు. కావున నేరము మోపబడినది తండ్రిపైన గాదు, చదువుకొన్న బిడ్డపైననే. రాత్రిపాళి ముగించి వచ్చు తండ్రి గల విద్యార్థి దీనిని తరగతిలో బిగ్గరగా చదువునప్పుడు ఆ మాటలు అతని యింటివై వినవచ్చును.

ఎదుటిపక్షమును చదువవలెను. వాల్ట్ విట్మన్ 1856లో ప్రకటించిన ‘సాంగ్ ఆఫ్ ది ఓపెన్ రోడ్’ ఊరికి గట్టుబడనివాని సంతోషమును జెప్పును. అరుణాచలప్రదేశమునకు చెందిన మమాంగ్ దయి వ్రాసిన పద్యమున చిన్న ఊరును, దానిప్రక్కన ప్రవహించు నదియు ఒకదాని కొకటి తోడుగా నిలుచును. ఒకరికి త్రోవయే ఇల్లు, మరియొకరికి నదియే పూర్వుల జాడ. వలసవచ్చినవాని జీవితమున ఈ రెండును సత్యములే.

మరచిన మొదటిమాట

న్యూ సౌత్ వేల్స్ విద్యార్థులకు నిర్ణయింపబడిన గ్రంథములలో పీటర్ స్క్షినెట్‌స్కీ కవి ‘ఇమిగ్రంట్ క్రానికల్’ అను 1975 నాటి సంపుటము ఒకటి. ఈ కవి 1945లో జర్మనీలో జన్మించి, 1949లో తల్లిదండ్రులతో ఆస్ట్రేలియా చేరెను. తండ్రి ఫెలిక్స్ పోలండుదేశీయుడు, కాయకష్టము చేసి బ్రదికినవాడు, తన తోటను కన్నబిడ్డవలె పెంచినవాడు. తండ్రిపేరనే వ్రాసిన పద్యమున కవి ఒక సంగతి చెప్పును. బడిలో పదమూడేండ్ల ప్రాయమున లాటిను వ్యాకరణముతో కుస్తీపట్టుచు అతడు మొదటిసారిగా ఒక పోలిషు మాటను మరచెను. తండ్రి ఆ మాటను మరల మరల చెప్పి, ఎన్నటికి మరువకుండునట్లు చేసెను. అయినను కొడుకు దినదినము దూరముగా జరుగుచుండుట నతడు మౌనముగా జూచుచుండెను.

ఈ పద్యము మన పేటలకు మిక్కిలి చేరువైనది. పోలిషునకు మారుగా తెలుగును, లాటినునకు మారుగా ఆంగ్లమును ఉంచి చదివిన జాలును. సోలాపురమున తెలుగు మాటలాడు బిడ్డలలో పలువురు మరాఠీలోనో ఆంగ్లములోనో చదువుచున్నారు. చెవికి వచ్చు తెలుగు కంటికి రాదు. తాత చెప్పినది విందురు, కాని తెలుగక్షరమున వ్రాసినది చదువలేరు. ఆంగ్లము నేర్చుటవలన తెలుగు పోవుననుట తప్పు. ఫెలిక్స్ కొడుకు ఆ మాటను మరల నేర్చుకొన్నది తండ్రి నోటినుండి. దానిని శాశ్వతముగా నిలిపినది మాత్రము ఆంగ్లపద్యమున.

పఠనవిధానము

విద్యార్థికిని, ఇంటివద్ద వానికి సాయపడు పెద్దలకును ఉపకరించు కొన్ని సూచనలు:

మొదటిది. ప్రతి పాఠమున నాలుగు ప్రశ్నలు వేయవలెను. ఎవడు చెందగోరుచున్నాడు? దేనికి? అంగీకరింపవలసినవా రెవరు? దానికి అతడు చెల్లించు మూల్య మేమి? నాల్గవ ప్రశ్నయే ముఖ్యము. మేబెల్ తన మానము చెల్లించినది. చిత్రే పద్యములోని తండ్రి తన మాటను చెల్లించినాడు.

రెండవది. ప్రతి యభిప్రాయమునకు రచనలోనుండి ఒక యాధారము చూపవలెను. ‘ఆమె దుఃఖించినది’ అనుట చాలదు. ఈగ యను ఉపమానము ఆ దుఃఖమును ఎట్లు చిన్నదిగా, హేయముగా జూపినదో చెప్పవలెను.

మూడవది. తానుగా నేరుకొను రచన తన పేటనుండియే కావచ్చును. పద్మశాలీలకు ఆశ్రితులగు కూనపులివారు పటమును జూపుచు చెప్పు మార్కండేయ, భావనాఋషి కథలు అట్టివి. తామరతూటి నారతో దేవతలకు బట్ట నేసెనని చెప్పు కథ, ఒక వృత్తిజనము ‘ఈ లోకమున మాకు స్థానము గలదు’ అని చాటుకొన్న కథయే. సోలాపురము దగ్గరి కుంభారియందు బీడీకార్మికస్త్రీలకొరకు కట్టిన పదివేల యిండ్ల కాలనీ మరియొకటి. 2006లో దానిని ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్‌గారు ప్రారంభించిరి. దానికై పోరాడిన నాయకుడు నర్సయ్య ఆడంగారు సోలాపురపు తెలుగువారు. కాలనీకి ఉంచిన పేరు మరాఠీ ఉద్యమనాయకురాలు గోదావరీ పరుళేకర్ గారిది. తలపై సొంత కప్పు లేనిదే ఏ ఊరును పూర్తిగా మనది కాదు.

నాల్గవది. రెండు తేలికత్రోవలను విడువవలెను. ‘మా పూర్వులు గొప్పవారు’ అని కన్నీరు పెట్టుట యొకటి. ‘నేను రెండు సంస్కృతులకు చెందినవాడను, కావున భాగ్యవంతుడను’ అని నవ్వి తప్పించుకొనుట రెండవది. ఏ దినమున ఏ గడపయొద్ద ఆగవలసివచ్చెనో, ఏ గడప తనకొరకు తెరువబడెనో చెప్పినప్పుడే వ్యాసమునకు ప్రాణము వచ్చును.

ఆక్షేపములకు సమాధానము

ఆంగ్లము ఉద్యోగముకొరకు, ఈ విచారములతో నేమి పని యని కొందరు తల్లిదండ్రులు తలంచవచ్చును. ఉద్యోగము రావలసినదే. మరమగ్గముల హోరునుండి బిడ్డలను దప్పింపవలెనను కోరిక న్యాయమైనది. కాని తన తండ్రి పనిని సిగ్గుపడక నాలుగు స్పష్టమైన వాక్యములలో ఆంగ్లమున చెప్పగల పిల్లవాడు, కంఠస్థము చేసిన వ్యాసమును ఒప్పజెప్పువానికంటె ఎచటను వెనుకబడడు.

ఇట్టి చదువు బిడ్డలను ‘మేము వేరు’ అని తొలగిపోవునట్లు చేయునేమో యని మరికొందరు శంకింపవచ్చును. ఫలము దీనికి విపరీతము. తన ‘మేము’ ఏదో యెరిగినవాడే దానిని ‘మనము’గా విప్పగలడు. ఎరుగనివాడు ఎదుటివాని ‘మేము’లో అతిథిగా మిగిలిపోవును.

తెలుగు సంఘములు చేయదగిన పని పెద్దది గాదు. వారమున నొక సాయంకాలము పదునొకండు, పండ్రెండవ తరగతుల విద్యార్థులను, వారి తాతలను ఒకచోట కూర్చుండబెట్టవలెను. విద్యార్థి వాచకములోని పద్యమును తెలుగున చెప్పవలెను. పెద్దలు తమ వలసకథను చెప్పవలెను. విద్యార్థి దానిని ఆంగ్లమున వ్రాయవలెను. అంత్యమున ఆ కథలోని ఊరిపేరును, ఇంటిపేరును తెలుగక్షరములలో వ్రాయ నేర్వవలెను. ఆ పేర్లతో మొదలిడినచో యేబదియారక్షరములును చేతికి వచ్చుటకు ఎక్కువకాలము పట్టదు. అప్పుడు మనుమడు వ్రాసిన తన ఊరిపేరును తాత చదువును, తాత చెప్పిన కథను మనుమడు లోకమునకు వినిపించును.